స్నేర్‌కి అడ్జస్టబుల్ ఎయిర్ వెంట్ వేయిస్తే రింగ్ తగ్గుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చర్చిలో వర్షిప్ టీమ్‌తో డ్రమ్స్ వాయిస్తున్నారు. హాలుకి రేకుల కప్పు, సిమెంటు గోడలు. 14×5.5 అంగుళాల మేపుల్ స్నేర్ (కింద తీగలు బిగించిన చిన్న డ్రమ్) కొట్టినప్పుడల్లా సన్నగా రింగ్, అంటే దెబ్బ తర్వాత మిగిలే మోత, వస్తోంది. 22×16 కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) ఒక్క దెబ్బకే బూమ్మని సాగుతోంది. స్నేర్ షెల్‌కి (డ్రమ్ గుండ్రటి చెక్క గోడకి) ఇంకో మూడు కన్నాలు పెట్టి, తిప్పితే తెరుచుకుని మూసుకునే ఎయిర్ వెంట్‌లు బిగిస్తే రింగ్ మన చెప్పుచేతల్లో ఉంటుందని రిపేర్ చేసే ఆయన చెప్పారు. చేయించాలా? కిక్ ముందు హెడ్‌కి (బిగించి ఉన్న పొరకి) కూడా హోల్ పెట్టాలా?

స్నేర్‌కి వద్దు. కిక్‌కి పెట్టండి. కారణాలు వివరంగా రాస్తాను. హెడ్ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు గానీ, కన్నం పెట్టిన షెల్‌ని మళ్లీ మొదటిలా చేయలేం.

ముందు వెంట్ హోల్ పని ఏమిటో కళ్లారా చూడండి. స్నేర్ షెల్ పక్కన, లోగో బ్యాడ్జి మధ్యలో ఇత్తడి రింగు వేసిన చిన్న కన్నం ఉంటుంది కదా, దాని ముందు అంగుళం దూరంలో అగరబత్తి పొగ పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. ఫ్యాన్ ఆపేసి హెడ్ మధ్యలో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టండి. పొగ ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది, వెంటనే వెనక్కి లాగినట్టు అవుతుంది. ఇప్పుడు నెమ్మదిగా, గోస్ట్ నోట్స్ (వినీ వినపడనట్టు తట్టే దెబ్బలు) కొట్టినట్టు కొట్టండి. పొగ దాదాపు కదలదు. వెంట్ గురించి తెలుసుకోవాల్సిన దాంట్లో సగం ఇక్కడే ఉంది. గట్టి దెబ్బకి అది బాగా పనిచేస్తుంది, మెల్లని దెబ్బకి ఉన్నా లేనట్టే.

మిగతా సగం రింగ్ ఎక్కడ పుడుతుందన్నది.

హెడ్ ఒకే రకంగా ఊగదు. మొత్తం హెడ్ ఒకేసారి కిందికీ పైకీ కదిలేది ఒక రకం. దీంట్లో మళ్లీ రెండున్నాయి. పై హెడ్, కింది హెడ్ రెండూ ఒకే దిక్కుకి కదిలితే మధ్యలో గాలి ఆ హెడ్‌లతో పాటు అటూ ఇటూ జరుగుతుంది తప్ప నలగదు. రెండూ ఎదురెదురుగా కదిలితే గాలి నలుగుతుంది, సాగుతుంది. భౌతిక శాస్త్రవేత్త థామస్ రాసింగ్ బృందం 1992లో ప్రచురించిన కొలతల్లో ఒక స్నేర్‌కి ఈ రెండూ సుమారు 180, 330 హెర్ట్జ్ దగ్గర వచ్చాయి. మీ ట్యూనింగ్‌ని బట్టి అంకెలు మారతాయి, రెండింటి మధ్య ఎడం మాత్రం ఉంటుంది. వీటికి పైన ఉండేవి ఇంకో జాతి. హెడ్‌లో ఒక సగం పైకి లేస్తే రెండో సగం కిందికి దిగుతుంది. లేదా నాలుగు ముక్కలుగా, ఆరు ముక్కలుగా విడిపోయి పక్కపక్క ముక్కలు ఎదురుబొదురుగా కదులుతాయి. మీకు చిరాకు తెప్పిస్తున్న ఆ సన్నని రింగ్ ఎక్కువగా వీటిదే. హెడ్ అంచుల్లో కొట్టినప్పుడు ఎక్కువగా, నట్టనడుమ కొట్టినప్పుడు తక్కువగా వినిపించేది కూడా అందుకే.

ఇప్పుడు గాలి వైపు నుంచి చూడండి. సగం హెడ్ లేచి సగం దిగినప్పుడు డ్రమ్ లోపలి మొత్తం గాలి పరిమాణం మారదు. ఒక పక్క పెరిగింది ఇంకో పక్క తగ్గింది. గాలికి బయటికి వెళ్లాల్సిన అవసరమే రాదు. అవసరం రానప్పుడు తలుపు తెరిచి ఉంటే ఏం, మూసి ఉంటే ఏం? వెంట్ గట్టిగా పట్టుకోగలిగింది పై, కింది హెడ్‌ల ఆ ఎదురెదురు కదలికను మాత్రమే. అంటే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ధ్వని వెంట్ పరిధిలో లేదు. ఎన్ని కన్నాలు పెట్టినా అంచు రింగ్ మీద దాని ప్రభావం స్వల్పం. మీకు ‘వద్దు’ అని అంత ఖచ్చితంగా చెప్పడానికి ఇదే అసలు కారణం.

ఇక కన్నం సైజు సంగతి. మూసిన పాత్రలో గాలి స్ప్రింగ్‌లా, కన్నంలో ఉన్న గాలి బరువులా పనిచేసి ఒక సొంత పౌనఃపున్యంలో ఊగుతాయి. దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ రెజొనెన్స్ అంటారు. మీ స్నేర్ లోపల సుమారు 14 లీటర్ల గాలి ఉంటుంది. 12 మి.మీ. కన్నం ఒక్కటే ఉంటే ఈ ఊగు 40 హెర్ట్జ్ లోపే వస్తుంది. మీకు చెప్పినట్టు అదే సైజులో ఇంకో మూడు కలిపి మొత్తం నాలుగైతే 75 దగ్గరికి చేరుతుంది. హెడ్‌లు కూడా కదులుతాయి కాబట్టి అసలు అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ పోలిక చెడదు. స్నేర్ స్వరం 180 పైన ఉంది, వెంట్ ఇంకా 75లోనే ఉంది. అంత వేగంగా వచ్చే ఒత్తిడికి ఆ చిన్న కన్నంలోని గాలి కదిలి బయటికి పోయేలోపే హెడ్ వెనక్కి తిరిగిపోతుంది. అందుకే చిన్న వెంట్ తెరిచినా మూసినా స్వరం మారదు.

మరి కన్నాలు పెద్దవి చేస్తే? 25 మి.మీ. కన్నాలు ఎనిమిది పెడితే ఇదే లెక్క 170 హెర్ట్జ్ దాటుతుంది. అప్పుడు మాత్రం డ్రమ్ స్వభావమే మారిపోతుంది. గాలి సులువుగా వెళ్లిపోతుంది కాబట్టి పై హెడ్ ఊపు కింది హెడ్‌కి పూర్తిగా అందదు. మొదటి దెబ్బ బిగ్గరగా, పొడిగా వస్తుంది, వెనక ఒళ్లు (నిండుదనం) ఉండదు. స్నేర్ వైర్ల స్పందన కూడా మెల్లని దెబ్బలకి తగ్గుతుంది. ఆరెంజ్ కౌంటీ డ్రమ్ అండ్ పర్కషన్ వాళ్ల పెద్ద కన్నాల స్నేర్లకి ఆదరణ వచ్చింది ఈ ధ్వని వల్లే. రాక్, పంక్ వాయించేవాళ్లకి అది కావాలి. రేకుల కప్పు కింద, మెల్లని పాటల్లో బ్రష్‌లు కూడా వాడే మీకు అది కావాల్సిన ధ్వని కాదని నా అభిప్రాయం. పైగా రింగ్ అలాగే ఉండి ఒళ్లు మాత్రమే పోతే, ఆ రింగ్ ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది.

అడ్జస్టబుల్ వెంట్‌ల మీద నాకు చిన్నచూపేం లేదు. డన్నెట్ వాళ్ల హైపర్‌వెంట్ లాంటివి శ్రద్ధగా చేసిన వస్తువులు. తెరిచి ఉంచితే గట్టి దెబ్బ తొందరగా ఆరిపోతుంది, ఎందుకంటే కన్నంలోంచి దూసుకుపోయే గాలి కొంత శక్తిని తనతో తీసుకుపోతుంది. మూస్తే నోట్ కొంచెం నిలబడుతుంది, స్టిక్ కాస్త బిగువుగా తిరిగొస్తుంది. ఈ తేడా వాయించేవాళ్ల చేతికి తెలుస్తుంది. స్టూడియోలో దగ్గర పెట్టిన మైక్‌కి తెలుస్తుంది. ఐదో వరుసలో కూర్చున్న మనిషికి తెలియదు. చేతికి నచ్చిన ఫీల్ కోసం వేయించుకునేవాళ్లు వేయించుకోవచ్చు. రింగ్‌కి మందు అనుకుని మాత్రం వేయించకూడదు. బేరంలో దొరికే మూతల్లో ఇంకో చిక్కు, రబ్బరు వాషర్ లేకపోతే మూత దానంతటదే గరగరమంటుంది. స్నేర్ వైర్ల బజ్‌తో కలిసిపోయి అది ఎక్కడి నుంచి వస్తోందో కూడా దొరకదు.

నా మాట కూడా నమ్మక్కర్లేదు, డ్రిల్ ముట్టుకోకుండానే రెండు హద్దులూ మీరే వినొచ్చు. ఇప్పుడున్న వెంట్ మీద గాఫర్ టేప్ (గట్టి గుడ్డ టేప్) గట్టిగా అంటించి వాయించండి. అది పూర్తిగా మూసిన హద్దు. తర్వాత స్నేర్ వైర్లు విప్పి, కింది హెడ్ పూర్తిగా తీసేసి వాయించండి. ప్రపంచంలో ఏ వెంట్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ ‘తెరిచిన’ హద్దు అది. ఈ రెండింట్లోనూ ఆ సన్నని రింగ్ ఉందేమో చెవి పెట్టి వినండి. ఉంటే, మధ్యలో ఎక్కడ తిప్పి పెట్టినా పోదు. వీలైతే మీరు వాయించకుండా ఇంకొకరితో వాయించి, మీరు హాలు మధ్యలో నిలబడి వినండి. పరీక్ష అయ్యాక టేప్ తీసేయండి. అన్నీ మూసేసిన డ్రమ్‌ని మే నెల ఎండలో వ్యాన్‌లో పెడితే లోపలి గాలి వ్యాకోచించి హెడ్‌ని ఉబ్బేలా నెడుతుంది. షెల్‌కి ఆ చిన్న కన్నం ఉండటానికి ఇది కూడా ఒక కారణం.

రింగ్‌కి నిజంగా పనిచేసేది ట్యూనింగ్, ఆ తర్వాత హెడ్ అంచు మీద కాస్త బరువు. ప్రతి లగ్ (హెడ్‌ని బిగించే బోల్టు) దగ్గర, రిమ్ (అంచు కట్టు) నుంచి అంగుళం లోపల, స్టిక్ కొనతో తట్టండి. అన్ని లగ్‌ల దగ్గరా ఒకే స్వరం రావాలి. ఒక్కటి కిందికి ఉన్నా రెండు దగ్గర దగ్గర స్వరాలు కొట్లాడుకుని రింగ్ ‘వావ్ వావ్’ అంటూ అలలుగా వస్తుంది. కింది హెడ్‌ని పై హెడ్ కన్నా బిగువుగా పెట్టండి. అయినా మిగిలితే పాత 14 అంగుళాల హెడ్ ఒకటి తీసుకుని, అంచున వంగి ఉండే మెడ భాగం కత్తిరించి పారేసి, అంచు నుంచి అంగుళం వెడల్పున రింగు కోసి పై హెడ్ మీద వదులుగా పెట్టండి. అంచు దగ్గర ఊగే ఆ ముక్కలన్నింటినీ అది పట్టుకుంటుంది, నడుమ దెబ్బను ముట్టుకోదు. ఖర్చు లేదు, నచ్చకపోతే తీసి పక్కన పెట్టొచ్చు. ధ్వని మరీ మందగిస్తే వెడల్పు అర అంగుళానికి తగ్గించుకోండి. వెనక గోడకి మందపాటి తెర, డ్రమ్స్ కింద తివాచీ ఉంటే ఇంకా మంచిది, సిమెంటు గోడ తిప్పి పంపే రింగ్ కూడా తక్కువేం కాదు.

ఇక్కడ ఒక మాట. గాలిదారిని తిప్పి స్వరాన్ని నిజంగా మార్చే వాద్యం చూడాలంటే మన కచేరీల్లో ఘటం చూడండి. దానికి చర్మం లేదు, కుండ గోడ గట్టిది, కాబట్టి లోపలి గాలి పలికే స్వరం నేరుగా వినిపిస్తుంది. విద్వాంసుడు మూతిని పొట్టకి ఆనించి దగ్గరికి తెచ్చుకుంటే దారి ఇరుకై గుమ్కీ (లోతైన మంద్ర ధ్వని) కిందికి దిగుతుంది, కాస్త దూరం జరిపితే పైకి లేస్తుంది. చేతి మణికట్టు ఎక్కడ పడుతోందో, అదే క్షణంలో కుండ ఎంత కదులుతోందో గమనించండి, అంగుళంలో కొంత భాగమే కదులుతుంది, స్వరం మాత్రం స్పష్టంగా జారుతుంది. గోవాలో ఘుమట్ అనే మట్టి వాద్యానికి ఒక వైపు చర్మం, ఇంకో వైపు తెరిచిన మూతి. ఆ మూతిని ఎడమ అరచేత్తో తెరుస్తూ మూస్తూ వాయిస్తారు. 2019లో గోవా ప్రభుత్వం దాన్ని రాష్ట్ర వారసత్వ వాద్యంగా ప్రకటించింది. ఈ రెండింట్లోనూ మూతి, లోపలి గాలితో పోలిస్తే పెద్దది. స్నేర్ కన్నానికి లేనిది ఆ నిష్పత్తే.

మీ కిక్‌కి ఆ నిష్పత్తి ఉంది. అందుకే అక్కడ హోల్ పెట్టమంటున్నాను.

22×16 కిక్‌లో గాలి సుమారు 100 లీటర్లు. ముందు హెడ్‌కి 5 అంగుళాల హోల్ పెడితే ఇందాకటి లెక్క ప్రకారం గాలి ఊగు 60 హెర్ట్జ్ ప్రాంతంలోకి వస్తుంది. 22 అంగుళాల కిక్ మూల స్వరం కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అంటే హోల్ ఇక్కడ ప్రేక్షకుడు కాదు, వాద్యంలో భాగం. హోల్ లేకుండా రెండు హెడ్‌లూ మూసి ఉంటే నోట్ గుండ్రంగా, పొడవుగా వస్తుంది. లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ 26 అంగుళాల కిక్ అలా మూసి ఉంచిన ధ్వనికే పేరు. కానీ అది పెద్ద గదిలో, బిగువుగా ట్యూన్ చేసి, గట్టిగా వాయించే మనిషికి. మీ హాల్లో అదే సాగుడు బాస్ గిటార్‌ని మింగేస్తుంది.

సైజు విషయంలో 4 నుంచి 5 అంగుళాల దగ్గర ఆగండి. 5 అంగుళాల హోల్ ముందు హెడ్ విస్తీర్ణంలో 5 శాతం. 7 అంగుళాలకి వెళ్తే 10 శాతం దాటుతుంది. అక్కడి నుంచి ముందు హెడ్ ఉన్నా తీసేసినట్టే వినిపించడం మొదలవుతుంది. క్లిక్ ఉంటుంది, కడుపులో తగిలే ధ్వని ఉండదు. ముందు హెడ్ నట్టనడుమ పెట్టకండి. గడియారంలో 4 లేదా 8 ఉండే చోట, హోల్ అంచుకి రిమ్‌కి మధ్య కనీసం రెండు అంగుళాలు వదిలి పెట్టండి. నడుమ భాగం చెక్కుచెదరకుండా ఉంటే ముందు హెడ్ ఇంకా పలుకుతుంది, మైక్ స్టాండ్‌కి కూడా దారి సులువు.

కోసేటప్పుడు ముందు ప్లాస్టిక్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ రింగు అతికించి, దాని లోపలి అంచు వెంట కొత్త బ్లేడుతో ఒకే ఊపులో కోయండి. రింగు లేకుండా కోస్తే అంచులో ఎక్కడో చిన్న గాటు మిగులుతుంది, వాయించేకొద్దీ అది పెద్ద చీలిక అవుతుంది. కోసిన గుండ్రటి ముక్కని పారేయకండి, అదీ పనికొస్తుంది. మీ అడ్జస్టబుల్ వెంట్ ఈ హోలే.

హోల్‌ని అలా వాడుకునే పద్ధతి చెప్తాను. పాత హెడ్ ఒకటి తీసుకుని దాంట్లోంచి 6 అంగుళాల గుండ్రటి మూతలు రెండు కోయండి. ఒకదానికి నడుమ 3 అంగుళాల హోల్ పెట్టండి, ఇంకోదాన్ని అలాగే ఉంచండి. వీటిని ముందు హెడ్‌కి లోపలి వైపు నుంచి చుట్టూ గాఫర్ టేప్‌తో, ఎక్కడా గాలి ఊదకుండా అంటిస్తే మూడు సెట్టింగులు వస్తాయి. పూర్తిగా మూత, 3 అంగుళాలు, 5 అంగుళాలు. ఇంతకుముందు కోసిన ముక్క మైక్ లేని ప్రాక్టీస్ రోజుల్లో పూర్తి మూతకి వెనక మందంగా వేసుకోవడానికి పనికొస్తుంది. 3 అంగుళాల దగ్గర గాలి ఊగు 45 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, ధ్వని మూసినదానికి దగ్గరగా ఉండి, తోక మాత్రం కాస్త పొట్టిదవుతుంది. ఏది బాగుందో హాలు చెప్తుంది. మూత అంటించాక బీటర్‌తో (కిక్ పెడల్ సుత్తితో) కొట్టి టేప్ అంచు చప్పుడు చేస్తోందేమో తప్పకుండా చూడండి.

హోల్‌లో బిగించే కిక్‌పోర్ట్ అనే గొట్టం కూడా ఉంది. అది 5¼ అంగుళాల హోల్‌కి సరిపోతుంది. కన్నం సైజు అదే ఉంచి దాని మెడ పొడవు పెంచుతుంది కాబట్టి గాలి ఊగు కిందికి దిగుతుంది. బాస్ స్పీకర్ పెట్టెలో గొట్టం ఉండేది ఇందుకే. కింది స్వరం తక్కువ అనిపించే చిన్న కిక్‌లకి, 18, 20 అంగుళాల వాటికి, ఇది బాగా ఉపయోగపడుతుంది. మీది ఇప్పటికే సాగుతోంది కాబట్టి మీకు దీని అవసరం లేదు. దానికన్నా లోపల చిన్న దిండో మడిచిన దుప్పటో పెట్టండి, అది బ్యాటర్ హెడ్‌ని (దెబ్బ పడే హెడ్‌ని) ఒక చివర కాస్త తాకితే చాలు. కిక్ నిండా గుడ్డలు కుక్కితే లోపలి గాలి కూడా తగ్గిపోయి హోల్ లెక్కే తారుమారవుతుంది.

మైక్ ఉంటే దాని స్థానం కూడా హోల్‌తో ముడిపడిందే. షూర్ బీటా 52ఏ, ఏకేజీ డీ112 లాంటి మైక్ సరిగ్గా హోల్ నడుమ పెడితే ప్రతి దెబ్బకీ గాలి ఉప్పెన డయాఫ్రమ్‌ని (మైక్ లోపలి పల్చటి పొరని) కొడుతుంది, స్పీకర్‌లో ‘ఫూ’ అనే శబ్దం వస్తుంది. ఈక్యూతో (మిక్సర్‌లో స్వరాల హెచ్చుతగ్గులు సర్దడంతో) అది పోదు. మైక్‌ని నాలుగైదు అంగుళాలు లోపలికి తోసి, గాలి ప్రవాహం పక్కకి తప్పించండి. బీటర్ వైపు దగ్గరయ్యేకొద్దీ క్లిక్ పెరుగుతుంది, హోల్ వైపు వచ్చేకొద్దీ బరువు పెరుగుతుంది. స్నేర్ మైక్ కూడా వెంట్ కన్నానికి ఎదురుగా పెట్టకండి, హై హ్యాట్ మూసినప్పుడు వచ్చే గాలి చప్పుడుతో కలిసి గజిబిజి అవుతుంది. స్నేర్‌ని స్టాండ్ మీద కొంచెం తిప్పి వెంట్ మీ వైపుకో ఫ్లోర్ టామ్ వైపుకో ఉండేలా చూసుకుంటే చాలు.

టామ్‌ల (సెట్‌లోని మిగతా డ్రమ్స్) వెంట్‌లు ముట్టుకోకండి. అక్కడ రింగ్ నచ్చకపోతే కింది హెడ్ ట్యూనింగ్‌లో చూసుకోవాలి.

ముందు స్నేర్ టేప్ పరీక్ష, తర్వాత లగ్‌లు సరిచేయడం, తర్వాత కోసిన రింగు, ఇవన్నీ అయ్యాకే కిక్ హెడ్ కోయడం. ఈ వరుసలో చేస్తే ప్రతి మార్పుకీ ఏం తేడా వచ్చిందో విడివిడిగా తెలుస్తుంది. ఖాళీ హాల్లో ఒకసారి, ఆదివారం జనం నిండినప్పుడు ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. మీ స్నేర్ బ్యాటర్ హెడ్ సింగిల్ ప్లైనా (ఒక పొర), డబుల్ ప్లైనా (రెండు పొరలు) అన్నది కూడా రాయండి, ప్రశ్నలో అది లేదు, రింగు వెడల్పు ఎంత ఉండాలో దాన్ని బట్టి చెప్తాను.